ఎప్పావల కొండ కింద ఒక పూట

పోయిన ఫిబ్రవరిలో మా సింగానల్లూరు లైను ఇళ్ళ నుంచి పదకొండు మందిమి శ్రీలంక పోయొచ్చాం. అందరం మిల్లులో రిటైరైనవాళ్ళమే, లేదంటే వాళ్ళ ఇంటివాళ్ళం. చీటీ కట్టి దాచుకున్న డబ్బు అది. తిరుచ్చిలో విమానం ఎక్కితే గంటలో కొలంబో. కదిర్గామం సుబ్రహ్మణ్యస్వామిని చూశాం, అనురాధపురంలో బోధిచెట్టుని చూశాం. గుళ్ళ సంగతి రాసేవాళ్ళు మన పత్రికలో చాలామంది ఉన్నారు, వాళ్ళు నాకన్నా బాగా రాస్తారు. నేను రాసేది మా టూరు కాగితంలో లేని ఒక ఊరి గురించి. దాని పేరు ఎప్పావల.

అక్కడికి దారి చూపింది మన భాషే. వ్యాను డ్రైవరు వవునియా తమిళాయన. మేము వెనక సీట్లలో మాట్లాడుకుంటా ఉంటే అద్దంలో చూసి, "అమ్మా, మీది తెలుంగా?" అని అడిగాడు. అవునన్నాం. "తంబుత్తేగమ పక్కన కుడాగమ అని ఒక ఊరుంది. అక్కడ పాములాడించేవాళ్ళు ఇట్లాగే మాట్లాడతారు" అన్నాడు. మా ఆయన నమ్మలేదు. సముద్రం దాటి, సింహళం మాట్లాడే నేల మధ్యలో తెలుగు ఎక్కడిది అన్నాడు. మా వదిన మాత్రం పట్టుబట్టింది. మర్నాడు పొద్దున విహారాలు చూసే పని ఉండింది. దాన్ని మధ్యాహ్నానికి జరిపి కుడాగమ పోయాం.

నిజమే. చిన్న చిన్న సిమెంటు ఇళ్ళు, ముందు మట్టి వాకిళ్ళు. పిల్లలు సింహళంలోనే అరుచుకుంటా ఉన్నారు. ఒక ఇంటి ముందు పంచె కట్టుకున్న పెద్దాయన మా మాటలు విని లేచి నిలబడి, "రాండి, కూకోండి, ఏ ఊరు మీది?" అన్నాడు. మా వదినకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. సింహళంలో వాళ్ళని అహికుంటకలు అంటారు. తాతల కాలంలో గాడిదల మీద సామాను వేసుకుని, పాములూ కోతులూ పట్టుకుని, చెయ్యి చూసి జోస్యం చెప్పుకుంటా ఊరూరా తిరిగేవాళ్ళట. ఇప్పుడు ఇళ్ళు వచ్చాక తిరగడం తగ్గింది. మాటల్లో ఆయన, ఈ చుట్టుపక్కల కోతలకీ కొబ్బరి తోట పనులకీ పోయేవాణ్ణనీ, ఎప్పావలలో ఎరువు రాయి తవ్వే కొండ దగ్గర ఒక రైతు ఇంట్లో చాలా ఏళ్ళు పని చేశాననీ చెప్పాడు.

ఎరువు రాయి అనేసరికి నా చెవి అక్కడ ఆగింది. దానికి రెండు కారణాలు. మా చిన్నమ్మ వాల్పారై టీ ఎస్టేటులో ఆకు కోసేది. చిన్నప్పుడు సెలవులకి పోతే గోడౌనులో బూడిదరంగు పొడి సంచులు చూసేదాన్ని. చెట్ల కింద చల్లేవాళ్ళు, రాతి ఎరువు అనేవాళ్ళు. ఇంకోటి, మా మరిది ఉడుమలపేట దగ్గర రెండెకరాల కొబ్బరి పెట్టుకున్నాడు. ప్రతి ఏడూ డీఏపీ సంచుల ధర చెప్పి బాధపడతాడు, అయినా ఒక సంచి తగ్గించమంటే ఒప్పుకోడు. ఆ ఎరువు ఏ నేల నుంచి వస్తుందో ఎన్నడూ మేము అడగలేదు. మిల్లులో ఇరవయ్యారేళ్ళు కోన్ వైండింగు చేశాను, నూలు ఏ ఊరి పత్తిదో కూడా అడగలేదనుకోండి.

"నాతో రాండి, చూపిస్తా. వాళ్ళ మాట మీకు నేను చెప్తా" అన్నాడు పెద్దాయన. వ్యానులో ముందు సీటు ఆయనకిచ్చాం.

కుడాగమ నుంచి ఎప్పావల దూరం లేదు. దారంతా వరి మళ్ళు, కాలువలు, కొబ్బరి. కొండ అని పేరే గానీ మన మరుదమలై లాగా ఎత్తుగా ఉండదు, పరుచుకున్న మెట్టలాగా ఉంటుంది. గని గేటు లోపలికి మామూలు మనుషుల్ని పోనివ్వరు. బయట రోడ్డు మీద నుంచి తవ్విన వైపు కనిపించింది. గోధుమరంగు మట్టి, మెట్లు మెట్లుగా కోసిన గోడ, అక్కడక్కడ పచ్చరంగు కలిసిన స్ఫటికాల రాయి. ఆ స్ఫటికం పేరు అపటైట్. అందులోనే భాస్వరం ఉంటుంది. ఈ నిక్షేపాన్ని 1971లో ఆ దేశపు భూగర్భ సర్వే వాళ్ళు కనిపెట్టారు. కోట్ల టన్నుల రాయి ఉందని లెక్క.

యూరియాలో ఉండే నత్రజని గాలిలో నుంచి తీస్తారు. గాలి ఎక్కడైనా ఉంటుంది. భాస్వరం అట్లా కాదు, రాయి తవ్వితేనే వస్తుంది, ఆ రాయి కొన్ని దేశాల్లోనే ఉంది. మన దేశంలో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో పెద్ద గని ఉంది గానీ మన పొలాలకు చాలదు. మొరాకో, జోర్డాన్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో తెచ్చుకుంటాం. ఒక్కో డీఏపీ సంచి వెనక ఎక్కడో ఒక గుంట ఉంటుంది.

ఎప్పావల దగ్గర ఆగి చూడాల్సింది ఆ గుంట ఎంత పెద్దది అన్నదే. తవ్విన మేర నాకు చాలా చిన్నదిగా కనిపించింది. యాభై ఏళ్ళుగా తవ్వుతున్న గని అంటే మా ఆయనకు నమ్మకం కుదరలేదు. "ఇంతేనా?" అని పెద్దాయన్ని రెండుసార్లు అడిగాడు. అది అంత చిన్నదిగా ఎందుకు మిగిలిందో మాకు ఆ రైతు ఇంట్లో తెలిసింది.

రైతుకి డెబ్బై దాటి ఉంటాయి. భార్య మాకు తంబిలి కొట్టించి ఇచ్చింది. తంబిలి అంటే నారింజరంగు బొండం, మన బొండం కన్నా తియ్యగా ఉంటుంది. ఆయన సింహళంలో చెప్తే కుడాగమ పెద్దాయన తెలుగులో చెప్పాడు. మధ్యలో మాట దొరక్కపోతే తమిళం కలిపాడు, అది మాకు ఇంకా సుళువైంది. ఇంటికొచ్చాక ఆ కేసు వివరాలు మా అబ్బాయి చేత చదివించుకుని సరిచూసుకున్నాను. ఆ రెండూ కలిపి రాస్తున్నా.

1990లలో అక్కడి ప్రభుత్వం ఈ కొండని ఒక అమెరికా కంపెనీతో కలిసి పెద్దగా తవ్వించాలని ఒప్పందం సిద్ధం చేసింది. 30 ఏళ్ళలో 2 కోట్ల 61 లక్షల టన్నులు తీయాలి. రాయిని తిరుకోణమలకు చేర్చి, అక్కడ ఆమ్లంతో ఫ్యాక్టరీలో డీఏపీ చేసి ఎగుమతి చెయ్యాలి. అప్పట్లో ఎప్పావలలో ఏడాదికి తీస్తున్నది 40 వేల టన్నుల దరిదాపు. కొత్త లెక్కన ఏడాదికి సగటున 8 లక్షల 70 వేలు. అంటే ఇరవై రెట్ల పైన. మిల్లులో స్పీడు పెంచినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. దారం తెగుతుంది, మనిషి అలుస్తాడు, అయినా రాత్రికి మెషీను ఆపి సరిచేసుకోవచ్చు. కొండని తవ్వేశాక ఆపి సరిచేసేది ఉండదు.

"మాకు మొదట సంతోషమే అయింది" అన్నాడు రైతు. ఉద్యోగాలొస్తాయి, నష్టపరిహారం వస్తుంది అనుకున్నారట. తర్వాత పటాలు బయటికొచ్చాయి. సుమారు 2,600 కుటుంబాలు, 12 వేల మంది ఊళ్ళు వదిలి పోవాల్సి వస్తుందని కేసులో లెక్క చెప్పారు. ఆయన కొబ్బరి తోటా అందులో ఉంది. విహారాలున్నాయి. అన్నిటికన్నా వాళ్ళని భయపెట్టింది నీళ్ళ సంగతి.

ఆ నీళ్ళ కథ చెప్పాలి. అక్కడికి కొంచెం దూరంలో కలా వెవ అని పెద్ద చెరువుంది. వెవ అంటే చెరువే. అయిదో శతాబ్దంలో ధాతుసేన రాజు కట్టించాడు. దాని నుంచి అనురాధపురం చెరువులకు 87 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. జయగంగ అంటారు, యోధ ఎల అని కూడా అంటారు. మొదటి 17 మైళ్ళలో మైలుకు ఆరంగుళాల వాలు మాత్రమేనట. ఇప్పటి పరికరాలు లేనప్పుడు అది ఎట్లా కుదిరిందో అని మా ఆయన ఆ రోజంతా దాన్నే తల్చుకున్నాడు. ధాతుసేనుణ్ణి కొడుకు కశ్యపుడు బంధించి, దాచిన ధనం ఎక్కడుందో చూపించమన్నాడు. ఆయన ఆ చెరువులో దిగి, దోసిట్లో నీళ్ళు తీసి, నా ధనమంతా ఇదే అన్నాడని అక్కడి పాత చరిత్ర. కొడుకు కోపంతో చంపించాడు. ఈ కథ ఆ ఊళ్ళో చిన్న పిల్లలక్కూడా తెలుసు. గని పెద్దదైతే ఆ కాలువకీ, దాని కింది చిన్న చెరువులకీ ముప్పు అన్నది కేసులో పెద్ద వాదన.

రైతులూ భిక్షువులూ కలిశారు. ఏడుగురు సుప్రీంకోర్టుకి పోయారు. వాళ్ళలో కొబ్బరి, పాడి ఉన్న రైతు బులంకులమ పేరు మీద ఆ కేసుని ఇప్పటికీ పిలుస్తారు. స్థానిక విహారం పెద్ద భిక్షువు కూడా ఆ ఏడుగురిలో ఒకరు. 2000 జూన్ 2న తీర్పు వచ్చింది. జడ్జి అమరసింఘే రాశారు. ఆ ఒప్పందం అక్కడి పర్యావరణ చట్టాన్ని పక్కకు తప్పించి పోయేలా ఉందనీ, అది కుదిరితే ఆ మనుషుల హక్కులకు భంగమనీ చెప్పారు. గని వద్దు అనలేదు. ముందు అక్కడ ఎంత రాయి ఉందో, ఎట్లాంటిదో సైన్సు సంస్థలతో కలిసి పూర్తిగా పరీక్షించి అందరికీ తెలిసేలా ప్రకటించండి, ఆ తర్వాత చట్టం ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకోండి, అప్పటిదాకా ఒప్పందం చెయ్యొద్దు అన్నారు. ఆ ఒప్పందం మళ్ళీ లేవలేదు. చిన్న గనిని ప్రభుత్వ సంస్థే నడుపుతోంది.

"రాయి ఎక్కడికీ పోదు కదా" అన్నాడు రైతు. కుడాగమ పెద్దాయన దాన్ని తెలుగులో చెప్పి, నవ్వి, "మేమే పోతా ఉంటాం" అని తన మాట ఒకటి కలిపాడు.

వాళ్ళకి అంత పట్టుదల ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే నౌరు సంగతి కొంచెం తెలియాలి. పసిఫిక్ సముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల బుల్లి ద్వీపం అది. పక్షి రెట్టలతో అయిన నిక్షేపమని చాలామంది అనుకునే భాస్వరం రాయి దాని నిండా ఉండేది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ పొలాలకు దాన్ని తవ్వి తీసుకుపోయారు. ద్వీపంలో అయిదింట నాలుగు వంతుల నేల రాళ్ళ మొనలుగా మిగిలింది, అందులో ఏమీ పండదు. ఆ పాడైన నేల బాగు చెయ్యడం ఎవరి పని అని విచారించిన కమిషనుకి పెద్దగా కూర్చున్నది ఒక శ్రీలంక జడ్జే, వీరమంత్రి. నౌరు అంతర్జాతీయ న్యాయస్థానానికి పోయింది. 1993లో ఆస్ట్రేలియా 10 కోట్ల 70 లక్షల తమ డాలర్లు ఇచ్చి రాజీపడింది. డబ్బు వచ్చింది గానీ నేల రాలేదు.

సరే, చిన్న గని అయినంత మాత్రాన దాని వల్ల ఏ నష్టమూ లేదని నేను అనను. చెట్లు కొట్టాలి, మన్ను తియ్యాలి, పొడి చేస్తే ధూళి లేస్తుంది. మా ఆయన ముప్పయ్యొక్క ఏళ్ళు కార్డింగులో దూది ధూళి పీల్చినవాడు. మెట్లెక్కితే ఇప్పటికీ ఆగి ఆగి ఎక్కుతాడు. రోడ్డు మీద లారీ ఒకటి పోతే లేచిన దుమ్ము చూసి అలవాటుగా తుండు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. రాయి పొడి చేసే చోట నీళ్ళు చల్లడం, మిల్లుని మూసి నడపడం, మనిషికి మాస్కు ఇవ్వడం అన్నవి ఎంత అవసరమో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పై మన్ను వేరుగా దాచిపెట్టి, తవ్వకం అయిన గుంటలో వెనక్కి పోసి, మీద చెట్లు పెడితే నేల మళ్ళీ కొంత నిలబడుతుంది. అది తవ్వడానికి ముందే లెక్కలో వేసుకోవాల్సిన పని. తర్వాత చూద్దాం అంటే ఎవరూ చూడరు.

ఎప్పావలలో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. అక్కడి రాయిని చాలావరకు ఆమ్లంలో వెయ్యరు. తవ్వి, నలగ్గొట్టి, మెత్తగా విసిరి, సంచుల్లో నింపుతారు. అంతే. అది టీ, రబ్బరు, కొబ్బరి తోటలకి పోతుంది. ఆ నేలల్లో చాలావరకు పులుపు ఉంటుంది, ఆ పులుపే రాయిని మెల్లగా కరిగిస్తుంది. ఫ్యాక్టరీలో ఆమ్లం చేసే పనిని అక్కడ నేలే చేస్తుంది, కాకపోతే ఏళ్ళు పడుతుంది. తోట చెట్టుకి తొందర లేదు కాబట్టి సరిపోతుంది. అదే డీఏపీ చెయ్యాలంటే రాయిని గంధకామ్లంలో ఉడికించి ఫాస్ఫారిక్ ఆమ్లం తీయాలి. ఒక టన్ను భాస్వర సారానికి దాదాపు అయిదు టన్నుల జిప్సం వ్యర్థంగా మిగులుతుంది. అందులో ఆమ్లం ఉంటుంది, కొంచెం రేడియో ధార్మికత కూడా ఉంటుంది, దాన్ని గుట్టలుగా పోస్తారు. పారాదీప్ వైపు ఉన్న మన ఒడిశా పాఠకులకు ఆ గుట్టలు చెప్పక్కర్లేదు. ఇప్పుడు సిమెంటులోకీ చౌడు నేలల్లోకీ కొంత వాడుతున్నారు.

ఎప్పావల పొడి వరికి పనికిరాదు. వరి నాలుగు నెలల పైరు, రాయి కరిగే దాకా ఆగదు. అందుకని వరి రైతుకి నీళ్ళలో కరిగే ఎరువు బయటి నుంచి తెస్తారు. అదీ లేకపోతే ఏమవుతుందో వాళ్ళు 2021లో చూశారు. ఆ ఏడాది మేలో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా నిలిపేశారు. నవంబరులో మళ్ళీ వదిలారు. అప్పటికే ఆలస్యమైంది, వరి బాగా పడిపోయింది. రైతు భార్య అప్పటిదాకా మాట్లాడనిది ఆ సంగతి వచ్చేసరికి గట్టిగా మాట్లాడింది. కుడాగమ పెద్దాయన అంతా చెప్పలేదు. "బియ్యం కొనుక్కోవాల్సి వచ్చిందంటా ఉంది, వరి పండించేవాళ్ళే" అని మాత్రం చెప్పాడు. కాబట్టి ఎరువే వద్దు, గనే వద్దు అని ఊరికే అనేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. ఎంత తవ్వాలి, తవ్వింది ఎంత వృథా పోతోంది అన్నదే అడగాల్సింది.

ఆ వృథా ఎక్కడుందో ఇంటికొచ్చాకే తెలిసింది. నేను ఉత్సాహంగా మా మరిదికి ఎప్పావల కథ చెప్పి, "నువ్వూ రాతి పొడి వెయ్యి, డీఏపీ మానెయ్యి" అన్నాను. అతను నవ్వలేదు గానీ ఒప్పుకోలేదు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మట్టి పరీక్షకి ఇద్దామని ఇద్దరం పోయాం. ఫలితం నాకు చెంపపెట్టు. వాళ్ళ నేలలో సున్నం ఎక్కువ, పులుపు లేదు. రాతి పొడి నేరుగా వేస్తే అక్కడ కరగదు, రాయి రాయిగానే ఉంటుంది. వాల్పారైకి సరిపోయేది అరవై డెబ్బై కిలోమీటర్ల కిందకి దిగితే సరిపోదన్నమాట. వెయ్యాలంటే పేడ ఎరువులో కలిపి, కొన్ని నెలలు మగ్గబెట్టి, భాస్వరాన్ని కరిగించే సూక్ష్మజీవుల్ని కలిపి వెయ్యమన్నారు.

చెంపపెట్టు అతనికీ పడింది. నేలలో భాస్వరం 'ఎక్కువ' అని కాగితంలో వచ్చింది. ఏళ్ళ తరబడి వేసిన డీఏపీలో చెట్టు తీసుకున్నది కొంతే, మిగతాది మట్టిలోని సున్నం పట్టుకుని కూర్చుంది. ఎక్కడైనా వేసిన భాస్వరంలో ఆ పంటకి అందేది అయిదో వంతు అటూ ఇటూనేనట. మిగతాది నేలలో నిలవ ఉంటుంది, లేదా వానకి మన్నుతో పాటు కొట్టుకుపోయి చెరువుల్లో నాచు పెంచుతుంది. ఎవరి ఊరి కొండో తవ్వి, ఆమ్లంలో ఉడికించి, ఓడలో తెచ్చి, సంచికి అంత డబ్బు పోసి కొన్నది మా మరిది తోటలో నేల కింద పడి ఉంది. "ఇన్నేళ్ళు నేను నా నేలలోనే గని పెట్టుకున్నానా వదినా" అన్నాడు.

ఈ ఏడు డీఏపీ వెయ్యలేదు. యూరియా, పొటాష్ మాత్రం చెప్పినంత వేశాడు. పాదుల్లో పేడ ఎరువూ, జీలుగ కోసి తొక్కించిందీ వేశాడు. కొబ్బరి నెమ్మదిగా కదిలే చెట్టు, ఏడాదిలో ఏదీ తేలదు. అతనికి లోపల భయం ఉంది. పిందె రాలితే ఆ మాట నా మీదికే వస్తుందని నాకూ ఉంది. వచ్చే వైకాశిలో మళ్ళీ మట్టి ఇస్తాం.

మనలో చాలామందికి ఊళ్ళో ఇంకా ఎకరమో అరెకరమో ఉంది, లేకపోతే తమ్ముళ్ళు చేస్తున్నారు. మట్టి పరీక్షకి పెద్ద ఖర్చు కాదు. నాలుగు మూలలా, మధ్యలో, జానెడు లోతున మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో గుడ్డ సంచిలో వేసి ఇవ్వాలి. కొబ్బరికైతే ఇంకా లోతు నుంచి కూడా తీయమంటారు. ఎరువు వేసిన వెంటనే తీయకూడదు. మేము మొదటిసారి పాదు పక్కనే తీసి తీసుకుపోతే, ఇది పనికిరాదని వెనక్కి పంపారు.

కుడాగమ పెద్దాయన నంబరు మా వదిన రాసుకుంది. సంక్రాంతికి ఫోను చేసింది. అక్కడ ఇప్పుడు వాన బాగా పడింది, కలా వెవ నిండింది అన్నాడట. ఎప్పావల రైతు మమ్మల్ని అడిగాడని కూడా చెప్పాడు. వచ్చేటప్పుడు మన ఊరి కొబ్బరి మొలక ఒకటి పట్టుకు రమ్మన్నాడట. విమానంలో మొక్క తీసుకుపోనివ్వరని మా ఆయన అంటాడు. మా వదిన ఇంకా కనుక్కుంటా ఉంది.